గీత కింద ఆరెకరాలు

ఆర్మూర్ పసుపు రైతు భూమిని గుంటల్లో లెక్కపెడతాడు. గట్టు గజం జరిగినా సర్వేయర్‌ను పిలుస్తాడు. పక్క పొలాలవాళ్లకు నోటీసిచ్చి, వాళ్ల ఎదుట కొలిచాకే అది హద్దవుతుంది. అక్కడి నుంచి 44వ జాతీయ రహదారి పట్టి, గోదావరి దాటి నిర్మల్ కొండలెక్కితే లెక్క మారిపోతుంది. కొండ అడవులకు ఎంతోకాలంగా ఆధారం సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు టోపోషీటు. అందులో ఒక మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు. నోటిఫికేషన్‌లో మాటల్లో రాసిన అడవి హద్దును దాని మీద అర మిల్లీమీటరు మందాన గీస్తే, ఆ గీత కిందే 25 మీటర్ల వెడల్పు నేల దాగిపోతుంది. కిలోమీటరు పొడవుకు అది ఆరెకరాల పైమాటే. ఆ ఆరెకరాలు అడవివా, పోడు రైతువా అన్నది కాగితం చెప్పలేదు. నేల మీద నడిచి తేల్చిన హద్దే పటానికి ఎక్కాలి.

ఇది పటం గీసినవాళ్ల తప్పు కాదు. 1802లో మద్రాసులో బ్రిటిష్ అధికారి లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే శిఖరం నుంచి శిఖరాన్ని చూసి సాగింది. 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో అదే సర్వే చేస్తున్న అధికారి ఎవరెస్ట్ బృందాన్ని విషజ్వరాలు పడగొట్టాయి. అలాంటిచోట వాలు వాలునూ కొలవడం అయ్యే పని కాదు. ఎత్తు గీతల మధ్య 20 మీటర్ల ఎడం ఉండే షీటులో 15 మీటర్ల వాగు గట్టు జాడే కనిపించకపోవచ్చు. రహదారులు వేయడానికి అది చాలు, ఒక కుటుంబం బతుకు తేల్చడానికి చాలదు.

డ్రోన్లు, ఉపగ్రహాలు వచ్చాక ఈ బాధ ఉండదని కొందరంటారు. 2030 నాటికి అడవులను 50 నుంచి 100 సెంటీమీటర్ల స్పష్టతతో పటాలకెక్కించాలని 2022 జాతీయ భూస్థానిక విధానం లక్ష్యం పెట్టుకుంది. అది అవసరమే. లైడార్ లేజర్ కిరణాలు ఆకుల సందుల్లోంచి నేలను తాకి ఎత్తు చెబుతాయి. కానీ 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ చెలకను ఎవరు దున్నుతున్నారో చెప్పవు. అందుకే 2006 అటవీ హక్కుల చట్టం హక్కుదారుల భూముల పటం తయారుచేసే పని గ్రామసభకు అప్పగించింది. హద్దులు తేల్చడానికి జనాన్ని పిలిస్తే ఆక్రమణలకు తలుపు తీసినట్టేనన్న భయమూ ఉంది. నిజానికి ఆక్రమణదారుకు కలిసొచ్చేది తేలని హద్దే. ఊరంతా చూస్తుండగా పాతిన రాయిని జరపడం కష్టం. కవ్వాల్ అభయారణ్యం పులులకైనా పోడు రైతుకైనా ఆ రాయే రక్ష.

కొత్త పటాలు ఖరారయ్యేలోపే అటవీ సిబ్బంది, రెవెన్యూ సర్వేయరు, గ్రామసభ పెద్దలు కలిసి ప్రతి హద్దూ నడవాలి. రాళ్లు పాతి, సంతకాలు చేయాలి. ఆర్మూర్‌లో అరెకరానికి దక్కే ఆ న్యాయం అడవి అంచున బతికేవారికీ దక్కాలి.