తుంటరి పిల్లలపై హంతకుల ముద్ర వద్దు



జంతువులను హింసించే పిల్లలే రేపటి వరుస హంతకులన్న మీ పత్రిక వ్యాసంతో ఏకీభవించలేను. ఈ వాదనకు మూలం 1963లో మానసిక వైద్యుడు మెక్‌డొనాల్డ్ రాసిన పత్రం. ఆయన పరిశీలించింది చంపుతామని బెదిరించిన 100 మంది రోగులను, వరుస హంతకులను కాదు. 1999 నాటి మసాచుసెట్స్ అధ్యయనంలో జంతువులను హింసించినవారు ఇతర నేరాలూ ఎక్కువగానే చేసినట్టు తేలింది. కానీ జంతుహింసే ఆ నేరాలకు తొలిమెట్టని రుజువు కాలేదు.

తూనీగ తోకకు దారం కట్టి ఆడే పిల్లలు మన వీధుల్లో ఎందరు లేరు! అలాగని చూసీచూడనట్టు వదిలేయమనను. కుక్కపిల్లను పదే పదే కాల్చి, కొట్టి ఆనందించే పిల్లాడు కనిపిస్తే, ముందు వాడి ఒంటిమీద వాతలున్నాయేమో చూడండి. ఇంట్లో హింసను చవిచూసిన పిల్లలే చాలాసార్లు నోరులేని జీవాలపై చెయ్యి చేసుకుంటారు. వాడికి కావలసింది ముద్ర కాదు. అండ, సకాలంలో వైద్యం.

- ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి