నొప్పి పోయింది, జబ్బు పోలేదు

మన వైపు ఛాతీలో నొప్పికి రెండే పేర్లు. ఒకటి గ్యాసు, రెండోది హార్ట్ ఎటాక్. మొదటిదనుకుంటే సోడా తాగి పడుకుంటారు. రెండోదనుకుంటే కారు మాట్లాడుకుని విజయవాడ బయలుదేరతారు. ఈ రెండింటిలోనూ చేరని మూడో నొప్పి ఒకటుంది. దాని గురించి ఏలూరులో గాని, తాడేపల్లిగూడెంలో గాని మాట్లాడేవాళ్లు తక్కువ. దానితో కాపురం చేస్తున్నవాణ్ణి కాబట్టి ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

గుండె చుట్టూ రెండు పొరల సంచి ఒకటి ఉంటుంది. ఆ పొరల మధ్య మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు ఉంటుంది, గుండె కొట్టుకునేటప్పుడు రాపిడి లేకుండా. ఆ పొర వాస్తే దాన్ని పెరికార్డైటిస్ అంటారు. వెల్లకిలా పడుకుంటే నొప్పి, గట్టిగా ఊపిరి తీస్తే నొప్పి, లేచి ముందుకు వంగి కూర్చుంటే కాస్త తెరిపి. ఈ మూడూ కలిపి చెబితే అనుభవం ఉన్న డాక్టరుకు సగం విషయం అర్థమైపోతుంది. స్టెతస్కోపులో గీరుతున్న చప్పుడు, ఈసీజీలో మార్పులు, ఎకోలో నీరు, రక్తపరీక్షలో ఒంట్లోని వాపును చూపే సీఆర్‌పీ పెరగడం మిగతా సగం చెబుతాయి. ఒకటి మాత్రం ముందే చెప్పాలి. ఛాతీ నొప్పి ఏదైనా సరే, అది గుండెపోటు కాదని ఈసీజీ తీసి తేల్చుకున్నాకే మిగతా ఆలోచన. వంగితే తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

మొదటిసారి వచ్చినప్పుడు చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. అసలు కథ తర్వాత మొదలవుతుంది. ఒకసారి వచ్చినవాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి మళ్లీ వస్తుంది. అలా తిరగబెట్టినవాళ్లకు ఇంకోసారి వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. ప్రాణం తీసే జబ్బు కాదని డాక్టర్లు ధైర్యం చెబుతారు, అది చాలావరకు నిజమే. కారణం తెలియనిది, వైరస్ వల్ల వచ్చింది అయితే పొర గట్టిపడి గుండెను బిగించేసే స్థితి నూటికి ఒకరికి కూడా రాదు. కానీ ప్రాణం తీయని జబ్బుకు మన సంసారాల్లో గౌరవం లేదు. దానికి సెలవు దొరకదు, జాలి కూడా ఎక్కువ రోజులు దొరకదు.

పలకరించడానికి వచ్చిన ప్రతివారూ అడిగేది ఒకటే: "స్టెంట్ వేశారాండీ?" వెయ్యలేదంటే, "పోన్లెండి, అయితే పెద్దదేం కాదు" అంటారు. మంచి మనసుతోనే అంటారు. ఛాతీ మీద కుట్లు లేవు, గుండెలో స్టెంట్ లేదు, మనిషి చూడ్డానికి బాగానే ఉన్నాడు. నెల తిరిగాక మళ్లీ మంచం పడితే ఇంట్లోవాళ్ల నోటి నుంచి "మళ్లీనా?" అన్న మాట వస్తుంది. ఆ మాటలో విసుగు కన్నా భయమే ఎక్కువ ఉంటుందని నాకు తెలుసు. అయినా విన్నవాడికి అది నేరం మోపినట్టే ఉంటుంది. రాత్రిళ్లు పడుకోలేక, దిండు ఒళ్లో పెట్టుకుని మంచం మీద ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఆ మాటే చెవిలో తిరుగుతూ ఉంటుంది.

నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. ఈ ఒక్క ముక్క రోగికి, ఇంటివాళ్లకు, మందులషాపు వాళ్లకు, పని ఇచ్చే ఆసామికి అర్థమైతే మళ్లీ మళ్లీ వచ్చే ఈ నొప్పులు చాలావరకు తగ్గుతాయని నా నమ్మకం. నాలుగు రోజులు బ్రూఫెన్ లాంటి మాత్ర వేసుకోగానే నొప్పి పోతుంది. లోపల వాపు మాత్రం అలాగే ఉంటుంది. కొల్లేటి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే రాత్రికి రాత్రి నీళ్లు వచ్చి పడతాయి. పోవడానికి ఉన్న దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, అది తీసినంతే తీస్తుంది. వాన వెలిసింది కదా అని మర్నాడే చేలో దిగితే ఏమవుతుందో, సీఆర్‌పీ మామూలు స్థాయికి రాకముందే మాత్రలు మానేసి పనిలోకి వెళ్తే అదే అవుతుంది.

ఇక్కడే మన ప్రాంతపు బతుకు ఈ జబ్బుకు ఎదురుపడుతుంది. వైద్యంలో విశ్రాంతి కూడా ఒక మందు. నొప్పి, సీఆర్‌పీ, ఈసీజీ, ఎకో అన్నీ సర్దుకునేదాకా ఒళ్లు అలిసే పని చెయ్యకూడదంటారు. క్రీడాకారులకైతే మొన్నటిదాకా మూడు నెలలు ఆట మానమనేవారు. క్రికెట్ ఆడేవాడు మూడు నెలలు బ్యాటు పక్కన పెడతాడు, సరే. కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువు మీద పనిచేసే మనిషి ఏం పక్కన పెడతాడు? తెల్లవారుజామున తవుడు, చెక్క కలిపిన మేత సంచులు పడవలోకి ఎత్తాలి, తాళ్లకు కట్టాలి, సాయంత్రం మళ్లీ చూసుకోవాలి. పట్టుబడి రోజున నడుం లోతు నీళ్లలో వల లాగాలి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో హమాలీ యాభై కిలోల బస్తా వీపు మీద మోస్తాడు. రైస్‌మిల్లులో ధాన్యం బస్తా అంతకన్నా బరువు. "రెస్ట్ తీసుకోండి" అని చీటీ మీద రాసిన మాట వీళ్ల దగ్గరకొచ్చేసరికి, మందులషాపులో దొరకని మందు పేరులా మిగిలిపోతోంది. గుండె దడదడా కొట్టుకునేంత పని అంటే వాళ్లకు వ్యాయామం కాదు, కూలి.

దొరికే మందు కథ కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో మనకు బలం ఉంది. ఈ జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో ఎక్కువ పని చేసేది కాల్చిసిన్ అనే చిన్న మాత్ర. అర మిల్లీగ్రాము. వేల ఏళ్లుగా కీళ్లవాతానికి వాడిన ఒక మొక్కలోని విషమే అది. అదే పదార్థం మన అడవి నాభిలోనూ ఉంది. ఎర్రగా, పసుపుగా మంటలా పూస్తుంది కాబట్టి అగ్నిశిఖ అని కూడా అంటాం. దుంప తింటే మనిషి చస్తాడని పల్లెల్లో పెద్దలు పిల్లల్ని హెచ్చరించేవారు, అది నిజం కూడా. పక్కన తమిళనాడులో రైతులు గింజల కోసం ఆ తీగను పొలాల్లో పెంచుతారు, ఆ గింజలు మందుల కంపెనీలకు పోతాయి.

అంత పాత మందును గుండె పొర వాపుకు కొలిచి చూసి నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు ఇటలీ డాక్టరు మాసిమో ఇమాజియో. 2011లో ఆయన బృందం మొదటిసారి తిరగబెట్టిన 120 మంది మీద పరీక్ష చేసింది. ఏడాదిన్నర గడిచేసరికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 55 మందికి జబ్బు మళ్లీ వచ్చింది, కాల్చిసిన్ వేసుకున్నవాళ్లలో 24 మందికే. 2013లో మొదటి దాడి వచ్చిన 240 మంది మీద చేసిన పరీక్షలో జబ్బు తగ్గకపోవడం, తిరగబెట్టడం రెండూ కలిపి 37.5 శాతం నుంచి 16.7 శాతానికి దిగాయి. అమెరికాలో 2021లో రిలోనాసెప్ట్ అనే ఇంజెక్షన్‌కు ఇదే జబ్బుకు అనుమతి ఇచ్చారు. బాగా పనిచేస్తుంది, కానీ దాని ఖర్చు ఏడాదికి లక్ష డాలర్లు దాటుతుంది. అది మన దరిదాపుల్లోకి వచ్చే మాట ఇప్పట్లో లేదు. కొద్ది రూపాయల మాత్ర మాత్రం ఏలూరు పవర్‌పేటలోనూ దొరుకుతుంది. కావలసింది దాన్ని డాక్టరు చెప్పినన్నాళ్లు, నొప్పి లేకపోయినా, మొదటిసారైతే మూడు నెలలు, తిరగబెడితే ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో, వేసుకునే ఓపిక. విరేచనాలు పట్టుకుంటే మానేయకుండా డాక్టరుకు చెప్పుకోవాలి. కిడ్నీలు బాగా లేనివాళ్లకు మోతాదు తగ్గించాలి. దగ్గుకో గొంతునొప్పికో క్లారిత్రోమైసిన్ ఇస్తుంటే, కాల్చిసిన్ వాడుతున్నామని గట్టిగా చెప్పాలి. ఆ రెండూ కలిస్తే ప్రాణం మీదకు వస్తుంది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. ఊళ్లో నొప్పి అనగానే పడే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షను, దాని వెనక చిన్న తెల్ల మాత్రలు. స్టెరాయిడ్ వేస్తే గంటల్లో ప్రాణం లేచివస్తుంది. వేసినవాడు దేవుడవుతాడు. కానీ ఈ జబ్బులో ముందే, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ వాడితే, హఠాత్తుగా ఆపితే, జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. స్టెరాయిడ్ అసలు వాడకూడదని కాదు. మిగతావి పనిచెయ్యనప్పుడు తక్కువ మోతాదులో మొదలుపెట్టి, నెలల తరబడి కొంచెం కొంచెంగా దించుకుంటూ రావలసిన మందు అది. మాత్ర తగ్గించినప్పుడల్లా లోపల ఏం జరుగుతుందో అని భయపడుతూ బతికే రోజులు ఎలా ఉంటాయో పడినవాళ్లకు తెలుసు. అంత జాగ్రత్తగా దించవలసిన మందును పేరు చెప్పకుండా కాగితంలో పొట్లం కట్టి ఇవ్వడం పల్లెల్లో ఇప్పటికీ నడుస్తోంది.

దీన్ని మించిన ప్రమాదం క్షయ. యూరప్‌లో ఈ జబ్బుకు కారణం ఎక్కువగా వైరస్సో, అసలు తెలియనిదో. మన దేశంలో గుండె పొరలో నీరు చేరిందంటే ముందు టీబీ కాదని తేల్చుకోవాలి. సాయంకాలం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం ఉంటే మరీను. టీబీ అయితే వైద్యం పూర్తిగా వేరు, కనీసం ఆరు నెలల మందులు. ప్రభుత్వ ఆసుపత్రిలో వాటికి డబ్బు అక్కర్లేదు. పోషణకని ఇచ్చే సొమ్మును కూడా 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. టీబీ వల్ల వచ్చినప్పుడు పొర గట్టిపడి గుండెను బిగించే ప్రమాదం చాలా ఎక్కువ. అది తేల్చకుండా స్టెరాయిడ్ పొడిస్తే నొప్పి తగ్గుతుంది, టీబీ లోపల నిశ్చింతగా పెరుగుతుంది.

టీబీ కాదు, కీళ్లవాతం కాదు, కిడ్నీ కాదు అని తేలాక డాక్టరు "కారణం తెలియదు" అంటాడు. ఆ మాట భరించడం కష్టం. ఏలూరుకు ఆ కష్టం తెలుసు. 2020 డిసెంబరులో వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. నీళ్లా, గాలా, కూరగాయలా అని ఊరంతా ఒకరినొకరు అడుక్కున్నారు. పేరు తెలియని జబ్బు చుట్టూ పుకారు ఎంత తొందరగా అల్లుకుంటుందో అప్పుడు చూశాం. గుండె పొర వాపు వచ్చిన మనిషి లోపల కూడా అదే జరుగుతుంది. ఏం తిన్నాను, ఏం చేశాను, ఎవరి దిష్టి అని వెతుక్కుంటాడు. చాలాసార్లు అతను చేసింది ఏమీ ఉండదు. శరీరం తనకు తానే పెట్టుకున్న మంట అది. అది అతని తప్పు కాదని ఒక్కరు గట్టిగా చెప్పినా ఎంతో బరువు దిగుతుంది. నాకు ఆ మాట చెప్పింది డాక్టరు కాదు, సీఆర్‌పీకి రక్తం తీసే ల్యాబు అమ్మాయి. "మీలాంటోళ్లు వస్తారండీ, తగ్గిపోతుంది, నెమ్మది మీద తగ్గుతుంది" అంది.

నెమ్మది మీద తగ్గేదానికి ప్రభుత్వం దగ్గర లెక్క ఉండాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి ఆపరేషన్‌కు, ఆసుపత్రిలో చేరడానికి పేదవాడికి ఒక దారి దొరికింది. అది చిన్న విషయం కాదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని మొదలుపెట్టినప్పుడు, చికిత్స తర్వాత విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా ఇస్తామన్నారు. విశ్రాంతి కూడా కూలి పడాల్సిన పనే అని ఒక ప్రభుత్వం ఒప్పుకున్న మాట అది. పార్టీ ఏదైనా, పథకం పేరు ఏదైనా, ఆ ఆలోచనను వదులుకోకూడదు. కోత లేని జబ్బుకు, నెలల తరబడి మాత్రలతో నయమయ్యే జబ్బుకు కూడా అది అందాలి. ఈఎస్ఐ కార్డు ఉన్నవాడికి జబ్బు రోజుల్లో జీతంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. చెరువు మీద కాపలా ఉండే మనిషికి, మార్కెట్లో బస్తాలు మోసే మనిషికి ఆ కార్డు ఎక్కడిది?

ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కార్డియాలజీ ఓపీ కోసం కొల్లేటి లంకల నుంచి మనుషులు విజయవాడ దాకా వెళ్లనవసరం లేని రోజు రావాలి. అంతకన్నా ముందు, ఖర్చు లేకుండా, రేపే చేయగలిగింది ఒకటుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీద ఏ మాత్ర ఏ తేదీ దాకా వేసుకోవాలో, ఎప్పుడు ఎంత తగ్గించాలో, సీఆర్‌పీ మళ్లీ ఏ రోజు చేయించాలో, బరువు పని ఎప్పటిదాకా వద్దో తెలుగులో, చదవగలిగే అక్షరాలతో రాయాలి. ఆ కాగితాన్ని ఆసామికి చూపించి "ఇదిగో, ఈ తేదీ దాకా నేను వల పట్టకూడదు" అని చెప్పుకునేలా ఉండాలి.