వైజయంతి, రాములమ్మ

1990లో వెలువడిన ‘కర్తవ్యం’ చిత్రమున విజయశాంతి పోలీసు అధికారిణి. 1997 నాటి ‘ఒసేయ్ రాములమ్మా’లో దొరపై తుపాకి పట్టిన పల్లె పడుచు. మొదటిదానికి మోహనగాంధి, రెండవదానికి దాసరి నారాయణరావు దర్శకులు. వైజయంతి పాత్రకు జాతీయ ఉత్తమనటి పురస్కారము లభించినది. అది న్యాయమే. కథాభారమంతయు ఒక స్త్రీ మోయుట తెలుగు తెరపై అరుదు. అయినను ఆ చిత్రమునకు ఒక నమ్మకమే పునాది: ఖాకీ తొడిగిన వ్యక్తి నీతిగలదైనచో చాలును, చట్టము తన పని తాను చేయును.

నల్లగొండ ప్రేక్షకునకు ఈ నమ్మకము సులభముగా కలుగునది కాదు. నాడు ఈ జిల్లాలోనిదైన కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలియైనాడు. 1948 సెప్టెంబరులో సైన్యము వచ్చినది. దానికి ‘పోలీసు చర్య’ యని పేరు పెట్టిరి. పెట్టినవారి చమత్కారము మెచ్చదగినదే! నిజాము లొంగిపోయినను సైన్యము పల్లెలను విడువలేదు. ఊళ్లు విడిచి పారిపోయిన దొరలు దాని వెనుకనే తిరిగి వచ్చిరి.

కావున గడిలో నలిగిన రాములమ్మ చట్టమును నమ్ముకొనక ఆయుధమేల పట్టెనో ఆ ప్రేక్షకునకు వివరింప నక్కరలేదు. దాసరి చిత్రమున ఆవేశము హెచ్చు, నిగ్రహము తక్కువ. నటనను మాత్రమే తూచినచో వైజయంతియే మిన్న. కాని 2009లో మెదకు నుండి లోక్‌సభకు ఎన్నికైన ఈ నటిని తెలంగాణ పల్లెలు పిలిచినది వైజయంతి యని కాదు, రాములమ్మ యనియే.