అరగంట సాక్ష్యం

"పరీక్షలో ఏమీ లేదుటండీ, అంతా నాటకం!" బ్రాడీపేట మేడల మీద వడియాలు పెట్టుకుంటూ మనవాళ్లు చెప్పేసే తీర్పు ఇది. ఏ పరీక్షట? తలకి వైర్లంటించి, అరగంట పడుకోబెట్టి, మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపించే ఈ.ఈ.జి.

1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి నుంచి తొలిసారి ఆ గీతలు రాబట్టాడు, మహానుభావుడు. కానీ ఆ అరగంటలో జాడ కనపడనంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోయే కోడలికి, ఆ క్షణం ఆస్పత్రి మంచం మీదకి రమ్మంటే వస్తుందా?

అందుకే ఇంటికి పంపే పరికరముంది. నడుముకి చిన్న పెట్టె. వంటా, నిద్రా, టీవీ అన్నిటి మధ్యా ఒక రోజో, రెండు మూడు రోజులో రికార్డవుతూనే ఉంటుంది. తేడాగా అనిపిస్తే మీట నొక్కాలి, ఏ వేళకి ఏం చేశారో రాసుకోవాలి. (తలంటు మాత్రం కుదరదు.) మూర్ఛ కాదని తేలినా అది నటనైపోదు, దానికీ వైద్యముంది.

డాక్టరు రాసిచ్చినా అడ్డమెవరు? మనమే! "వైర్లతో వాకిట్లోకొస్తే లైనంతా చూడదూ? చెల్లెలికి సంబంధాలొస్తాయా?" తరచూ మూర్ఛ వచ్చేవాళ్లు పెళ్లికి పనికిరారని 1976లో హిందూ వివాహ చట్టంలో చేర్చారు, 1999లో తీసేశారు. చట్టమే వదిలేసినదాన్ని మనం పట్టుకు వేలాడ్డమేమిటి?

పడిపోయిన పిల్ల చేతిలో తాళాలగుత్తి పెట్టడానికి పదిమంది పరుగెత్తుకొస్తారు. పక్కన కూర్చుని, ఎంతసేపు ఎటు చూసిందో, ఏ చెయ్యి కొట్టుకుందో రాసిపెట్టేవాళ్లు ఒక్కరుండరు. గీతలతోబాటు డాక్టరుకి కావలసింది ఆ కాగితమే.