చుట్టమా, కాపురస్తుడా?

మన యిళ్ళకు వచ్చే చుట్టానికి గడువు యింతని యెవరూ కాగితం మీద రాసివ్వరు. నాలుగో రోజున కాఫీలో చిక్కదనం తగ్గుతుంది. ఆరో రోజున యిల్లాలు "మీ వూళ్ళో వానలు పడుతున్నాయా అండీ?" అని కుశలం అడుగుతుంది. తెలివిగల చుట్టం ఆ సాయంత్రమే సంచీ సర్దుకుంటాడు. దేశాలకు ఈ మొగమాటం లేదు. ఫలానా తేదీదాకా నువ్వు మాకు చుట్టానివి, ఆ మర్నాటినుంచి నేరస్థుడివి అని పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి మరీ చేతికిస్తాయి.

ఆ చుట్టరికాన్ని కాపురంగా మార్చుకోవటం యెలాగో మా మామయ్య పుణ్యమా అని ఈ మధ్య నాకు కొంత తెలిసింది. రిటైరైన తలిదండ్రులు పిల్లల వెంట దేశాలు పట్టిపోవటం ఇవాళ యింటింటి ముచ్చట గనుక, తెలిసినంతమేరకు నలుగురితో చెప్పుకుంటే తప్పులేదనిపించింది.

మామయ్య రైల్వేలో గార్డు చేసి 2019లో విజయవాడలో రిటైరయినాడు. అత్తయ్య పోయింది. ఒక్కతే కూతురు. అల్లుడికి బ్యాంకాకులో ఉద్యోగం. 2024 డిసెంబరులో "నాన్నా, మనవణ్ణి చూసి పోదువుగాని రా" అంటే వెళ్ళాడు. ఆ యేడు జులైలోనే థాయిలాండు ప్రభుత్వం మనవాళ్ళను వీసా లేకుండా 60 రోజులు వుండనిచ్చే వెసులుబాటు కల్పించింది. (ఇటువంటి వెసులుబాట్లు మారిపోతూ వుంటాయి. వెళ్ళబోయేవారు ఆనాటి నిబంధన చూసుకుని మరీ టిక్కెట్టు కొనాలి.)

పదిరోజులు తిరక్కుండానే కూతురు, "అక్కడ ఒక్కడివీ చెయ్యి కాల్చుకోవటం యెందుకు? ఇక్కడే వుండిపో" అంది.

ఆ రాత్రి మామయ్య నాకు ఫోను చేశాడు.

"ఏరా, అల్లుడి యింట్లో చుట్టంగా నెల వుండొచ్చు, రెణ్ణెల్లు వుండొచ్చు. కాపురం పెడితే లోకం యేమంటుందిరా?"

లోకం అంటే యెవరో నాకు తెలుసు. తెనాలిలో వున్న మా పెద్దమ్మ. మామయ్యకు స్వయానా అక్క. ఆడపిల్ల యింట మంచినీళ్ళు ముట్టటానికి కూడా వెనకాడిన తరం ఆవిడది. విషయం వినగానే, "వాడికి మతిపోయిందా? కూతురి పంచన పడి వుంటాడా?" అని అడిగి, నెలరోజులు వాడి పేరెత్తలేదు.

అయినా మనవడు గెలిచాడు. ఇహ కాగితాల కథ మొదలయింది.

కాపురపు చీటీకి అక్కడివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న వయస్సు. 50 నిండాలి. రెండోది డబ్బు. అక్కడి బ్యాంకులో, తన వొక్కడి పేరనే, 8 లక్షల బాట్లు నిలవ వుండాలి. లేదా నెలకు 65 వేల బాట్ల ఆదాయం చూపాలి. లేదా యేడాది ఆదాయమూ నిలవా కలిసి 8 లక్షలకు తేలాలి. 65 వేల బాట్లంటే మన డబ్బులో నెలకు లక్షన్నర పైమాట. గార్డు పెన్షను అంత యెక్కడ? కనుక 8 లక్షల దారే పట్టాలి. అది ఇరవై లక్షల రూపాయల పైచిలుకు. మామయ్య గ్రాట్యుటీ తాలూకు డిపాజిట్లన్నీ వూడ్చాడు. మూడోది, అక్కడ జీతానికి యే పనీ చెయ్యరాదు. "వద్దన్నా చెయ్యలేను, ఆ షరతొక్కటీ హాయిగా వుంది" అన్నాడు మామయ్య.

ఆ డబ్బు పరదేశంనుంచి వచ్చిందని రుజువు వుండాలి. మన రిజర్వు బ్యాంకు లెక్కన ఇక్కడ నివాసమున్నవారు యేడాదికి రెండున్నర లక్షల డాలర్లదాకా బయటికి పంపుకోవచ్చు. కాని ఒక కిటుకుంది. పంపే మొత్తం ఒక గీత దాటితే, పైమొత్తం మీద బ్యాంకువారు నూటికి 20 చొప్పున పన్ను ముందుగానే వసూలు చేస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ గీత 10 లక్షల రూపాయలు. ఆ సొమ్మెక్కడికీ పోదు, ఆదాయపు పన్ను లెక్కల్లో సర్దుబాటవుతుంది. కాని ఇరవై లక్షలు పంపటానికి చేతిలో ఇరవై లక్షలే వుంటే చాలదన్నమాట.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి. బ్యాంకులో డబ్బు లేనిదే చీటీ యివ్వరు. చీటీ లేని చుట్టానికి బ్యాంకులు ఖాతా ఇవ్వటానికి ఇష్టపడవు. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు! ఒక బ్యాంకువారు మర్యాదగా దణ్ణం పెట్టి పంపించేశారు. రెండో బ్యాంకులో అల్లుడు తన ఉద్యోగపు కాగితాలూ, యింటి అద్దె కాగితమూ చూపితే ఖాతా తెరిచారు. అద్దె యింటికీ ఒక తంతు వుంది. పరదేశి యింట్లో దిగిన 24 గంటల్లోగా ఇంటివారు టి.ఎం. 30 అనే పత్రంతో సర్కారుకు తెలపాలి. ఆ రసీదు లేకపోతే చాలాచోట్ల మీ దరఖాస్తు ముట్టుకోరు.

చాలామంది ఇదంతా ఒకే మెట్టనుకుంటారు. రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు, చుట్టపు అనుమతిని "నాన్ ఇమిగ్రెంట్ ఓ" అనే వీసాగా మార్చుకోవటం. వీసా లేకుండా వచ్చినవారికి టి.ఎం. 87, టూరిస్టు వీసా మీద వచ్చినవారికి టి.ఎం. 86. రుసుము 2,000 బాట్లు. దీనికి అసలైన షరతేమిటంటే, పాత గడువు ఇంకా 15 రోజులన్నా మిగిలి వుండాలి. చివరి వారంలో పరుగెత్తుకు వెళ్ళేవారు ఇక్కడే బోర్లాపడతారు. అది దొరికితే 90 రోజులు వుండనిస్తారు. రెండో మెట్టు, ఆ తొంభైలో ఆఖరి 30 రోజుల్లో వెళ్ళి యేడాది పొడిగింపు అడగటం. రుసుము 1,900 బాట్లు. ఆనాటికి ఆ 8 లక్షలూ రెండు నెలలుగా ఖాతాలో కదలకుండా వుండాలి. పొడిగింపు వచ్చాక మరి మూడు నెలలు ముట్టుకోకూడదు. ఆ తరువాత కూడా 4 లక్షలకు తగ్గకూడదు. మళ్ళీ యేడాదికి మళ్ళీ ఇదే పాట. రిటైర్మెంటు వీసా అని లోకం గొప్పగా చెప్పుకుంటుందిగాని, యేడాదికోసారి పొడిగించుకునే అనుమతే అది. మధ్యలో 90 రోజులకోసారి, నేను ఫలానా చోటే వున్నానహో అని చెప్పుకోవాలి. గడువు దాటి వుంటే రోజుకు 500 బాట్లు, 20 వేలదాకా జరిమానా.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకొక మాట భలే నచ్చింది. వాళ్ళ భాషలో రిటైర్మెంటుకు "కసియన్ ఆయు" అంటారు. ఆ కసియన్ మన క్షీణ శబ్దమే. ఆయు మన ఆయువే. ఈ మాట మామయ్యకు చెబితే పకపకా నవ్వాడు. "అంటే ఆయువు క్షీణించిందని రుజువు చూపించి, ఇంకో యేడు ఆయుర్దాయం అడుక్కోవాలన్నమాట!"

2025 ఏప్రిల్లో యేడాది ముద్ర పడింది. పెద్దమ్మ కూడా కాస్త మెత్తబడి, "అక్కడ గోంగూర దొరుకుతుందిట్రా?" అని ఫోను చేసింది.

ఆగస్టులో ఒక అర్ధరాత్రి పెద్దమ్మ పోయింది. తెల్లవారి విమానానికి మామయ్య బయలుదేరి వచ్చాడు. ఒంటిమీద బట్టలూ, చేతిలో పాస్‌పోర్టూ, అంతే. తొమ్మిదో రోజున అల్లుడు ఫోను చేసి గొంతు తగ్గించి అడిగాడు: "మామయ్యగారూ, రీ ఎంట్రీ పర్మిట్ తీసుకున్నారా?"

తీసుకోలేదు. దేశం దాటి మళ్ళీ రాదలచినవాడు ముందుగానే ఆ పర్మిట్ తీసుకోవాలి. ఒకసారికి 1,000 బాట్లు, యెన్నిసార్లయినా రాకపోకలకు 3,800. అది లేకుండా గడప దాటితే అంతవరకూ సంపాదించిన అనుమతి ఆ క్షణాన రద్దు. ఆ చీటీ యిచ్చే కౌంటరు బ్యాంకాకు సువర్ణభూమి విమానాశ్రయంలో కూడా వుంది. మామయ్య ఆ ప్రాంగణంలోంచే యేడ్చుకుంటూ నడిచి వచ్చాడు.

"సింగిల్ లైను మీద డ్రైవరు చేతిలో టోకెను పడిందని తెలిస్తేగాని పచ్చజెండా వూపేవాణ్ణి కాదురా. చివరికి నేనే టోకెను లేకుండా స్టేషను దాటేశాను" అన్నాడు.

బంధువులు దీన్ని శకునంగా తీశారు. దేవుడే దారి మూసేశాడు, ఇహ ఇక్కడే వుండు అన్నారు. న్యాయంగా చూస్తే మామయ్యకు అంతకంటే మర్యాదైన సాకు దొరకదు. కూతురు నొచ్చుకోదు, లోకం మెచ్చుకుంటుంది. నేను తోడుగా విజయవాడ వెళ్ళి యిల్లు తీయించాను. యెనిమిది నెలల దుమ్ము. సన్నజాజి తీగ యెండిపోయింది. ఆయన అత్తయ్య కుర్చీలో ఒక గంట కూర్చుని, యేమీ అనకుండా మళ్ళీ తాళం వేశాడు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర పెద్దమ్మ పక్కింటి ముసలావిడ మామయ్యను పట్టుకుని, "నువ్వేనా నాయనా, మనవడికి యెక్కాలు నేర్పుతున్నది? మీ అక్క రోజూ అదే చెప్పి మురిసిపోయేది" అంది.

మామయ్య విస్తరిముందు అలాగే కూర్చుండిపోయాడు. కాసేపటికి నావైపు తిరిగి, "లోకం యేమంటుందో ఇన్నాళ్ళకు తెలిసిందిరా" అన్నాడు.

సెప్టెంబరులో మళ్ళీ 60 రోజుల చుట్టంగా విమానం దిగాడు. 8 లక్షలూ ఖాతాలో కదపకుండా వుంచటం ఒక్కటే అదృష్టం. మొదటిసారి అన్నీ అల్లుడు నింపితే ఆయన సంతకం పెట్టాడు. ఈసారి అల్లుణ్ణి ఆఫీసుకు పంపేసి, కళ్ళజోడు పెట్టుకుని, దరఖాస్తు తనే నింపాడట. వచ్చిన పదోనాడే కచేరీకి వెళ్ళి కూర్చున్నాడట.

ఈ దారిన వెళ్ళేవారికి మరి రెండు మాటలు. పెన్షను ఆగకుండా వుండాలంటే బతికి వున్నట్టు ధ్రువపత్రం యేటా ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వపు పెన్షనరులకు అది నవంబరు పని. మన రాయబార కార్యాలయంలో కూడా సంతకం చేసి ఇస్తారు. విదేశంలో స్థిరంగా వుండదలచినవారు ఇక్కడి మామూలు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ఆసుపత్రి ఖర్చు సంగతి మాత్రం ముద్ర పడ్డాక ఆలోచిద్దామనుకోకండి. ఆ వయస్సులో అది వీసా కంటే ముందు తేల్చుకోవలసిన లెక్క.

మళ్ళీ ఆ రెండు మెట్లూ యెక్కి యేడాది ముద్ర వేయించుకున్న రోజున మామయ్య ఫోను చేశాడు. ఆ పూటే 3,800 బాట్లు కట్టి, యెన్నిసార్లయినా రావటానికీ పోవటానికీ పర్మిట్ తీసుకున్నాడట.

"అక్క సంవత్సరీకానికి రావాలి గదరా. సన్నజాజి అంటు ఒకటి చూసి వుంచు" అన్నాడు.