నేలమీది పనికి జీతమేది?

2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడా క్యాబిన్ సిబ్బంది మొదలుపెట్టిన సమ్మెను జీతాల మీద పేరాశగా తేల్చేసే వ్యాఖ్యానాలు అసలు తగాదాను పక్కనబెడుతున్నాయి. పదివేలకు పైగా సిబ్బంది అడిగింది ఒట్టి పెంపు కాదు. ఉత్తర అమెరికాలో చాలా సంస్థల్లో వీరి వేతనం విమానం కదిలాకే లెక్కకొస్తుంది. అంతకుముందు జనాన్ని ఎక్కించడం, పై అరల్లో పట్టని పెట్టెలతో కుస్తీ, భద్రతా పరికరాల తనిఖీ, ఆలస్యమైతే తినే చీవాట్లు... ఇవన్నీ యూనిఫాంలో చేసే పనులే, గంటల లెక్కలో మాత్రం ఉండవు. ఇది తీర్చలేని కోరికా కాదు: బోర్డింగ్ సమయానికి సగం రేటు చొప్పున అమెరికా విమానయాన సంస్థ డెల్టా 2022లోనే చెల్లించసాగింది.

ప్రయాణికుల కష్టం కాదనలేనిది. 5 లక్షల మందికి పైగా ప్రయాణాలు తారుమారయ్యాయి. కెనడా నిబంధనల ప్రకారం సమ్మె సంస్థ అదుపులో లేని కారణం. కాబట్టి టికెట్ డబ్బు వాపసు, లేదంటే మరో విమానంలో సీటు. హోటల్ ఖర్చు, పరిహారం దక్కవు. సెప్టెంబరు తరగతులకు బయల్దేరే విద్యార్థులకు ఆగస్టులో ఆ మరో సీటు దొరకడమే గగనం.

సిబ్బందిని తిరిగి పనిలోకి పంపేందుకు ప్రభుత్వం 12 గంటలైనా ఆగకుండా కార్మిక చట్టం 107వ సెక్షన్ ప్రయోగించింది. యూనియన్ ఖాతరు చేయలేదు. 19న ఒప్పందం కుదిరి, నేలమీది పనికి కొంత వేతనం ఒప్పుకున్నారు. ఆ తర్వాత వేతన భాగాన్ని సభ్యులు 99 శాతానికి పైగా ఓట్లతో తిరస్కరించారు. అయినా ఈసారి విమానాలు ఆగలేదు, ఆ ఒక్క అంశం మధ్యవర్తుల ముందుకెళ్లింది.