చివరి బల్ల దాకా రాని ‘ఇంటర్నేషనల్’

నెల్లూరుకూ గూడూరుకూ నడుమ, జాతీయ రహదారి మీద, మనుబోలు దగ్గర ఏ ఉదయమైనా ఓ పావుగంట నిలబడి చూడండి. పసుపుపచ్చ బస్సులు వరసగా పోతుంటాయి. వాటి వీపుల మీద ‘టెక్నో’, ‘కాన్సెప్ట్’, ‘ఒలింపియాడ్’ అన్న బిరుదులు. అన్నిటినీ మించింది ‘ఇంటర్నేషనల్’. లోపల కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్న ఆరేడేళ్ల పసివాళ్లు. ఆ పెద్ద మాట ఈ చిన్నవాళ్లకు చేస్తున్న మేలేమిటన్నదే నా ప్రశ్న.

మాటకు అర్థమేమిటో ముందు చూద్దాం. 1968లో జెనీవాలో మొదలైన ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ 1997లో ప్రాథమిక తరగతుల కోసం ఒక కార్యక్రమాన్ని తెచ్చింది. దాని గుర్తింపు కోరే బడి కొన్ని విధానాలను కాగితం మీద పెట్టి చూపాలి. నేర్చుకోవడంలో ఇబ్బంది పడే బిడ్డను తరగతిలో ఎలా కలుపుకుంటారన్నది అందులో ఒకటి. బిడ్డ ఇంటి భాషను ఎలా నిలబెడతారన్నది మరొకటి. మరి మన దగ్గర? 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగులో మాట్లాడారని పసిపిల్లల మెడల్లో పలకలు వేలాడదీసిన ఉదంతాన్ని మనమెవరమూ మరిచిపోలేదు. పలకలు పోయి ఉండవచ్చు; ఆ బుద్ధి పోయిందా? ఇంటి భాషను గేటు బయట వదిలి రమ్మనే బడి ఏ దేశపు లెక్కలో అంతర్జాతీయం?

ఇక రెండో తరగతిలో అక్షరాలు తారుమారు చేసి రాసే పిల్లవాడి సంగతి. వాడికి మన సమాజం ఇచ్చిన పేరు ‘మొద్దు’. వైద్యశాస్త్రం ఇచ్చిన పేరు డిస్లెక్సియా కావచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని తన జాబితాలో చేర్చి, అలాంటి పిల్లలకు తగిన తోడ్పాటు ఇవ్వాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఎనిమిదో తరగతి దాకా బిడ్డను బడి నుంచి వెళ్లగొట్టరాదని అదే చట్టం చెబుతుంది. వెళ్లగొట్టరు నిజమే. తల్లిని పిలిపించి “మీ వాడు మా స్టాండర్డ్ అందుకోలేకపోతున్నాడమ్మా, వేరే బడి చూసుకోండి” అని మర్యాదగా చెబుతారు. టీసీ దరఖాస్తు మీద సంతకం తల్లిదే గనక చట్టం నోరు మెదపదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, మనస్తత్వవేత్తో, సామాజిక కార్యకర్తో ఒక్కరైనా ఉండాలంది. మార్కులను బట్టి పిల్లలను వేరుచేయడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలంది. “అది కోచింగ్ వాళ్ల గొడవ, మా ఎల్‌కేజీకేం సంబంధం?” అనేవారున్నారు. ఆ ఆదేశం అన్ని విద్యాసంస్థలకూ వర్తిస్తుంది. పైగా పదిహేడేళ్ల వయసులో తనను తాను పనికిరానిదాన్నని అనుకునే బిడ్డకు ఆ పాఠం మొదట నేర్పింది ఏ తరగతో ఆలోచించండి. ర్యాంకుల వారీ సెక్షన్ ఇంటర్‌లో పుట్టలేదు.

“ఇదంతా డబ్బున్న బడుల ముచ్చట, మా ఫీజులకు కుదరదు” అన్నది యాజమాన్యాల ఆఖరి సమాధానం. దీనికి జవాబు మన తెలుగునేల మీదే ఉంది. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో నడిచే చిన్న బడుల్లో ఏసీ గదుల్లేవు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కూర్చుంటారు. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెనలాగా అమర్చారు. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచే ఎక్కుతుంది. రెండురోజులు బడికి రాకపోయినా ఆగిన మెట్టు నుంచే మళ్లీ మొదలు. అది కూడా తెలుగులో. కర్ణాటకలో 1990ల్లో మొదలైన ‘నలి కలి’కి ప్రేరణ ఇదే. పేద పల్లె బడి చూసి పొరుగువారు నేర్చుకున్నారు. అంతర్జాతీయమన్న మాట ఎవరికైనా తగితే ఆ గదికి తగాలి.

తల్లిదండ్రుల్నీ వదలను. అడ్మిషన్ నాడు మనం అడిగేది డిజిటల్ బోర్డుందా, ఈతకొలనుందా, కరాటే నేర్పుతారా అని. మా వాడు వెనకబడితే ఎవరు పక్కన కూర్చుంటారు? దిగులుగా ఉంటే ఎవరితో చెప్పుకోవాలి? కౌన్సెలర్ ఏ గదిలో ఉంటారు, ఒకసారి చూపిస్తారా? ఈ మూడూ అడిగేవారేరీ? కొనేవాడు అడగని సరుకును అమ్మేవాడు దుకాణంలో పెట్టడు. వచ్చే జూన్‌లో పదిమంది తల్లులు ఫీజు కట్టేముందు ఈ మూడు ప్రశ్నలూ అడిగితే, కొన్ని బడులైనా ఆ కౌన్సెలర్ కుర్చీని నింపక తప్పదు.

కాదంటారా? అయితే ఎందుకు కాదో చెప్పండి, వాదించుకుందాం.